1215 లాటరన్ మహాసభ వల్ల ఊళ్లో ఉండే మామూలు క్రైస్తవుడికి ఏం మారింది?

మీరు అడిగినవి రెండు విషయాలు. ఏడాదికోసారి తప్పనిసరిగా పాపసంకీర్తనం (పాపాలను గురువుకు చెప్పుకోవడం) చేయాలన్న నియమం 1215లో రోములో జరిగిన నాలుగో లాటరన్ మహాసభలోనే (పోపు పిలిచిన బిషప్పుల సభ) పుట్టిందా అన్నది మొదటిది. ఆ సభ పోపు పెత్తనం పెంచుకోవడానికి పెట్టిందే తప్ప మామూలు విశ్వాసికి దానివల్ల ఒరిగిందేమీ లేదన్న మాట నిజమేనా అన్నది రెండోది.

ముందు సూటిగా చెప్తాను. పాపసంకీర్తనం అక్కడ పుట్టలేదు, అప్పటికే కొన్ని వందల ఏళ్లుగా ఉంది. దాన్ని ప్రతి విశ్వాసికీ ఏడాదికోసారి విధిగా చేసి, అదీ తన సొంత విచారణ గురువు దగ్గరే జరగాలని లాటిన్ శ్రీసభ (పోపు కింద ఉన్న పశ్చిమ యూరప్ క్రైస్తవ సంఘం) అంతటికీ ఒకే చట్టంగా పెట్టింది మాత్రం ఈ సభే. రెండోదానికి నా జవాబు: మారింది, చాలా మారింది. పెళ్లి, నేర విచారణ, గుడి నిర్వహణ, పాపసంకీర్తనం, ఈ నాలుగింటిలో మార్పు ఊరి దాకా వచ్చింది. అయితే శాసనం రాసిన రోజున రాలేదు. రెండు మూడు తరాలు పట్టింది. కొన్ని శాసనాలు ఎప్పటికీ అమలు కాలేదు. ఒకటి రెండు శాసనాలు తీరని హాని చేశాయి.

(విచారణ అంటే కథోలిక వాడుకలో ఒక గుడి పరిధిలోని ఊళ్లన్నీ. వాటిని చూసుకునే ఫాదరే విచారణ గురువు. ఈ జవాబంతా ఆయన చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్తున్నాను.)

సభ ఎలా జరిగింది

మూడవ ఇన్నొసెంట్ పోపు 1213 ఏప్రిల్ 19న పిలుపు పంపాడు. సభ మొదలైంది 1215 నవంబర్ 11న. ఆ మధ్య రెండున్నరేళ్లు ఊరికే పోలేదు. మీ మీ ప్రాంతాల్లో ఏవేవి చక్కదిద్దాలో విచారించి, రాసి పట్టుకురండి అని బిషప్పులకు ఆ పిలుపులోనే చెప్పాడు. శాసనాల్లో ఫిర్యాదులు అంత నిర్దిష్టంగా ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. లాటరన్ గుడిలో నవంబర్ 11, 20, 30 తేదీల్లో మూడు నిండు సమావేశాలు జరిగాయి. 400కు పైగా బిషప్పులు, 800కు పైగా మఠాధిపతులు, రాజుల దూతలు వచ్చారు. చివరికి 71 శాసనాలు వెలువడ్డాయి. వాటిలో చివరిది కొత్త క్రూసేడు ఏర్పాట్ల గురించి. శాసనాల ముసాయిదా చాలావరకు పోపు దగ్గరే తయారైంది, సభ విని ఆమోదించింది. కాబట్టి "పోపు సభ" అన్న మాటలో కొంత నిజముంది. కానీ ఆ 71 శాసనాలు వరసగా చదివితే ఎక్కువగా కనిపించేది పోపు కాదు, పల్లెటూరి గురువు. ఆయనకు చదువుందా, తిండికి సరిపడా వస్తోందా, తాగుతున్నాడా, గుడి తాళం ఎవరి దగ్గరుంది, ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి.

21వ శాసనం అసలు ఏమంటుంది

అందరూ ఎత్తి చూపేది దీన్నే. ఇందులో ఉన్న అంశాలను విడదీసి చూడాలి.

యుక్తవివేకం వచ్చిన ప్రతి విశ్వాసి, ఆడైనా మగైనా, కనీసం ఏడాదికోసారి తన పాపాలన్నీ తన సొంత గురువుకు ఏకాంతంగా చెప్పుకోవాలి. గురువు వేసిన తపస్సును, అంటే ప్రాయశ్చిత్తాన్ని, శక్తికొద్దీ నెరవేర్చాలి. కనీసం ఈస్టర్ పండుగకు దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరించాలి. సరైన కారణం ఉండి, కొంతకాలం ఆగమని గురువే చెప్తే తప్ప దీనికి మినహాయింపు లేదు. పాటించనివాణ్ని బతికినన్నాళ్లూ గుడి గడప తొక్కనివ్వరు, చనిపోతే క్రైస్తవ ఖననం ఉండదు. ఈ శాసనం నాకు తెలియదు అని ఎవరూ తప్పించుకోకుండా దీన్ని గుళ్లలో తరచుగా చదివి వినిపించాలి. వేరే గురువు దగ్గర చెప్పుకోవాలనుకుంటే ముందు సొంత గురువు అనుమతి తీసుకోవాలి.

గురువు ఎలా ఉండాలన్నది రెండో సగం. అనుభవమున్న వైద్యుడు గాయం మీద ద్రాక్షారసం, నూనె పోసినట్టు, పాపం ఏ పరిస్థితిలో జరిగిందో, చేసిన మనిషి ఎలాంటివాడో జాగ్రత్తగా అడిగి తెలుసుకుని మందు నిర్ణయించాలి. విన్నది మాటతో కాని, సైగతో కాని, మరే విధంగా కాని బయటపెట్టకూడదు. ఎవరినైనా సలహా అడగాల్సి వస్తే మనిషి పేరు రాకుండా అడగాలి. రహస్యం బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసేయడంతో వదలరు. జీవితాంతం తపస్సు చేయడానికి కఠిన నియమాలున్న మఠంలో బంధించాలి.

ఇక ఇందులో ఏది కొత్త, ఏది పాత? ఏకాంతంగా గురువుకు పాపాలు చెప్పుకునే పద్ధతి ఐర్లండ్ మఠాల నుంచి 6, 7 శతాబ్దాల్లోనే యూరప్‌లోకి వచ్చింది. ఏ పాపానికి ఎన్ని రోజుల ఉపవాసమో పట్టీ వేసిన పుస్తకాలు అప్పటి నుంచీ ఉన్నాయి. ఇక సత్ప్రసాదం సంగతికొస్తే 506లో ఆగ్డ్ సభ క్రిస్మస్, ఈస్టర్, పెంతెకోస్తు మూడింటికీ స్వీకరించనివాళ్లను కథోలికులుగా లెక్కించకూడదంది. అంటే 1215లో సభ భారం పెంచలేదు, ఏడాదికి మూడుసార్లున్న కనీసాన్ని ఒకసారికి దించింది. జనం ఎలాగూ మూడుసార్లు రావడం లేదు. వచ్చే ఆ ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసుకుని రావాలన్నది దాని ఉద్దేశం. ఈ రెండింటినీ ముడివేయడం, దాన్ని సొంత విచారణకు కట్టడం, తప్పితే శిక్ష పెట్టడం, ఈ మూడూ కలిసిందే కొత్తదనం.

ఇది చదివి, చెక్క గదిలో తెర చాటున మోకరించిన మనిషిని ఊహించుకోవద్దు. ఆ చెక్క గది 16వ శతాబ్దం నాటిది. 13వ శతాబ్దంలో గురువు గుడిలోనే అందరికీ కనబడేచోట కూర్చునేవాడు. మాట వినబడకూడదు, మనిషి కనబడాలి, ముఖ్యంగా ఆడవాళ్లు వచ్చినప్పుడు. శ్రమల కాలం (ఈస్టర్‌కు ముందటి ఉపవాస కాలం) చివరి రోజుల్లో ఊరంతా ఒకేసారి వరస కట్టేది. ఒక్కొక్కరికి దొరికే సమయం తక్కువ. అందుకే గురువులకు ప్రశ్నల పట్టీ ఒకటి నేర్పేవాళ్లు: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎవరి సాయంతో, ఎందుకు, ఎలా, ఎప్పుడు. ఉదాహరణకు దొంగతనం చేశానన్నవాడిని ఏం దొంగిలించావని అడిగి ఆపకూడదు. గుడి సొత్తా, పేదవాడి సొత్తా? ఆకలికి తీశావా, అలవాటుగా తీశావా? తిరిగి ఇచ్చావా? తిరిగి ఇవ్వగలిగి ఇవ్వనివాడికి ఉపవాసం వేసి పంపడం తప్పని ఆనాటి చేతిపుస్తకాలు గట్టిగా చెప్తాయి. ఇంగ్లండ్‌లో థామస్ ఆఫ్ చోభమ్ గురువుల కోసం పెద్ద పాపసంకీర్తన గ్రంథం తయారుచేసింది సరిగ్గా ఈ సభ నాటికే. ఆ తర్వాత అలాంటివి వరసగా వచ్చాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే "సొంత గురువు" అన్న మాట దగ్గర. మీ పొలం పక్క పొలం ఆయనదే, మీ బావమరిదికి ఆయన స్నేహితుడు, రోజూ ఎదురుపడతాడు. అలాంటివాడికి రంకు గురించో, కల్తీ తూకం గురించో చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. కొద్దికాలానికే డొమినికన్, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఊళ్లు తిరుగుతూ ప్రసంగాలు చేసి పాపసంకీర్తనం వినడం మొదలుపెట్టారు. వాళ్లు బాగా చదువుకున్నవాళ్లు, రేపు వేరే ఊళ్లో ఉంటారు. జనం వాళ్ల దగ్గరకు ఎగబడ్డారు. విచారణ గురువులు మా హక్కు పోయిందన్నారు. ఈ తగాదా తరాల తరబడి నడిచింది. చివరికి 1300లో ఎనిమిదవ బోనిఫేస్ పోపు ఒక ఒప్పందం లాంటి ఆజ్ఞ ఇచ్చి, సన్యాసులు బిషప్పు దగ్గర అనుమతి తీసుకుని వినవచ్చన్నాడు.

"యుక్తవివేకం వచ్చిన వయసు" అన్నది కూడా శాసనం అంకెతో చెప్పలేదు. కొందరు 7 ఏళ్లన్నారు, కొందరు 12, 14 అన్నారు. పాపసంకీర్తనానికి ఒక వయసు, సత్ప్రసాదానికి ఇంకా పెద్ద వయసు అని విడగొట్టిన ప్రాంతాలూ ఉన్నాయి. 1910లో పదవ పయస్ పోపు ఈ లాటరన్ శాసనాన్నే ఎత్తి చూపి, రెండింటికీ వయసు ఒకటే, అది సుమారు 7 ఏళ్లు అని తేల్చాడు. ఈనాడు మన తెలుగు కథోలిక గుళ్లలో చిన్న పిల్లలకే మొదటి సత్ప్రసాదం ఇస్తున్నారంటే దాని వెనకున్నది 1215 నాటి ఆ మాటకు 1910లో చెప్పిన అర్థమే.

32వ శాసనం చదవకుండా 21వది అర్థం కాదు

దీన్ని చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో సభ నిజాయితీ ఇక్కడే కనిపిస్తుంది. అంత నేర్పుగా ఆత్మవైద్యం చేయాల్సిన గురువుకు ఏం దక్కుతోంది? కొన్ని ప్రాంతాల్లో విచారణ గురువుకు దశమ భాగాల్లో (ఊరివాళ్లు గుడికి ఇచ్చే పదో వంతు) నాలుగో వంతులో నాలుగో వంతు, అంటే పదహారో వంతు మాత్రమే వస్తోందని శాసనమే లెక్క చెప్తుంది. ఊరి దశమ భాగం కింద 160 బస్తాల ధాన్యం వచ్చిందనుకోండి, ఆయన చేతికి 10 బస్తాలు. మిగతాది గుడి మీద హక్కున్న దొరకో, మఠానికో, పెద్ద గుడి అధికారికో పోతుంది. అందుకే ఆ ఊళ్లలో కాస్తయినా చదువుకున్న గురువు ఒక్కడూ దొరకడం లేదని కూడా సభే కారణం చెప్తుంది. ఎలాంటి పాత ఆచారమున్నా సరే, గురువుకు సరిపడా వాటా ముందు తీసిపెట్టాలన్నది ఆజ్ఞ.

"సరిపడా" అంటే ఎంత అని సభ చెప్పలేదు. ఆ పని ప్రాంతాలకు వదిలింది. ఇంగ్లండ్‌లో 1222లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాంతీయ సభ పెట్టి, బదులు గురువుకు (గుడి ఆదాయం తీసుకునేవాళ్ల తరఫున ఊళ్లో పని చేసే గురువుకు) ఏడాదికి కనీసం 5 మార్కులు ఉండాలని అంకె వేశాడు. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు. ఆ తర్వాత ఇంగ్లండ్ బిషప్పుల దస్తావేజుల్లో ఫలానా గుడి గురువుకు ఇల్లు, ఇంత పొలం, కానుకల్లో ఇంత భాగం అని విడివిడిగా రాసిన ఏర్పాట్లు కుప్పలుగా కనిపిస్తాయి. రోము శాసనం ఊరి దాకా దిగిందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

చదువు సంగతీ ఇలాంటిదే. ప్రతి పీఠపు గుడిలో (బిషప్పు ఉండే పెద్ద గుడిలో) ఉచితంగా చదువు చెప్పే ఉపాధ్యాయుడు ఉండాలని 1179లో మూడో లాటరన్ సభ ఆజ్ఞాపించింది. చాలాచోట్ల అది జరగలేదని 11వ శాసనం ఒప్పుకుని, మళ్లీ ఆజ్ఞ ఇస్తూ, స్తోమత ఉన్న ఇతర గుళ్లకూ దాన్ని వర్తింపజేసింది. ఆర్చిబిషప్పు గుడిలో దైవశాస్త్రం చెప్పే పండితుడు కూడా ఉండాలంది. గురుపట్టం ఇచ్చే ముందు సరిగ్గా నేర్పి పరీక్షించమని 27వది చెప్తూ, పనికిరానివాళ్లు పదిమంది కంటే మంచివాళ్లు కొద్దిమంది ఉన్నా మేలనే భావం రాసింది. ఆత్మల బాధ్యత ఉన్న పదవులు ఒకే మనిషి రెండు పట్టుకోకూడదన్నది 29వది. కాని దానికి మినహాయింపులు విరివిగా ఇచ్చేశారు. డబ్బున్న కుటుంబాల్లో పుట్టినవాళ్లు నాలుగైదు గుళ్ల ఆదాయం తింటూ ఒక్క గుడి మొహం చూడని పరిస్థితి మధ్యయుగం చివరిదాకా ఉంది.

గుడి లోపల

19, 20 శాసనాలు చదివితే ఆనాటి గుడి కళ్లముందు నిలుస్తుంది. కొందరు గురువులు ఇంటి సామాను తెచ్చి గుడిలో పెట్టుకుంటున్నారు, చూస్తే దేవుని ఇల్లో సంసారి ఇల్లో తెలియడం లేదు. పూజ పాత్రలు, గురువు వస్త్రాలు, బలిపీఠం మీది గుడ్డలు చూసినవాళ్లకు అసహ్యం పుట్టేంత మురికిగా ఉన్నాయి. శత్రువు మీద పడ్డప్పుడో, నిప్పంటుకున్నప్పుడో సామాను గుడిలో దాచుకోవచ్చు, అవసరం తీరగానే తీసేయాలి. దివ్యసత్ప్రసాదాన్నీ పవిత్ర తైలాన్నీ తాళం వేసి భద్రపరచాలి. మంత్రాలకూ చేతబడికీ వాడుకునేవాళ్లు వాటిని ఎత్తుకుపోతున్నారన్న భయమే దీనికి కారణం. నిర్లక్ష్యంగా వదిలేసిన గురువుకు మూడు నెలల సస్పెన్షన్. ఆ నిర్లక్ష్యం వల్ల ఏదైనా ఘోరం జరిగితే శిక్ష ఇంకా పెరుగుతుంది.

16వ శాసనం గురువుల బట్టల గురించి: ఎరుపు, ఆకుపచ్చ గుడ్డ కట్టకూడదు, గుర్రాలకు బంగారు పూత కళ్లేలు వేయకూడదు, పాచికలాడకూడదు, ప్రయాణంలో తప్ప సారా కొట్లకు వెళ్లకూడదు. 17వది పెద్దల మీద ఇంకా కటువుగా ఉంటుంది. సగం రాత్రి విందుల్లో గడిపి, పక్షులు కూసే వేళ దాటాక లేచి, ప్రార్థనలు గబగబా ముగించేవాళ్లున్నారనీ, ఏడాదికి నాలుగుసార్లు కూడా పూజ చేయనివాళ్లున్నారనీ పేర్కొంటుంది.

పెళ్లిళ్లు

తెలుగువాళ్లకు నేరుగా సంబంధమున్న భాగం ఇది, అందుకే కాస్త నిలబడి చెప్తాను.

అప్పటిదాకా ఏడో తరం లోపు చుట్టరికం ఉంటే పెళ్లి నిషేధం. 50వ శాసనం దాన్ని నాలుగుకు దించింది. లెక్కపెట్టే పద్ధతి ఇది: ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుణ్ని పట్టుకుని, అక్కడి నుంచి ఒకవైపు కిందికి మెట్లు లెక్కపెట్టాలి. తోబుట్టువులు 1, వాళ్ల పిల్లలు 2, మనవలు 3, మునిమనవలు 4. మునిమనవల పిల్లలు పెళ్లాడవచ్చు. రెండువైపులా మెట్లు సమానంగా లేకపోతే పొడవైన వైపు లెక్కలోకి వస్తుంది.

ఏడు ఎందుకు పనిచేయలేదంటే, ఏడో తరం పైన ఒక మనిషికి 128 మంది పూర్వీకులుంటారు. వాళ్లలో ఎవరు ఎవరో పల్లెటూళ్లో ఎవరికి గుర్తుంటుంది? నాలుగో తరంలో 16 మంది, వాళ్లను ముసలివాళ్లు చెప్పగలరు. ఇంకో పెద్ద తప్పు కూడా జరిగేది. విడాకులు లేని కాలంలో భార్యను వదిలించుకోవాలనుకున్న గొప్పవాళ్లు, మాకు ఫలానా తరంలో చుట్టరికం ఉందని ఇప్పుడే తెలిసింది అని సాక్షులను తెచ్చేవాళ్లు. ఫ్రాన్స్ రాజు ఏడవ లూయీ, అక్విటేన్ ఎలియనోర్‌ల పెళ్లి 1152లో రద్దయింది ఈ కారణం చూపించే. 1193లో ఫ్రాన్స్ రాజు రెండవ ఫిలిప్, డెన్మార్క్ రాజకుమారి ఇంగెబోర్గ్‌ను పెళ్లాడిన మర్నాడే వదిలేసి, చుట్టరికం పేరుతో తన బిషప్పుల చేత పెళ్లి రద్దు చేయించాడు. మూడవ ఇన్నొసెంట్ ఒప్పుకోలేదు. 1200లో ఫ్రాన్స్‌లో పూజలు ఆపించాడు కూడా. 1213లో గాని ఆమెకు రాణి స్థానం తిరిగి దక్కలేదు. ఆ పోపే రెండేళ్ల తర్వాత నిషేధాన్ని నాలుగో తరానికి కుదించి, మిగిలినదాన్ని కచ్చితంగా పాటించమన్నాడు. విన్నాం, చెప్పుకుంటుంటే తెలిసింది అనే సాక్ష్యాల మీద పెళ్లి తెంచకూడదన్నది 52వ శాసనం. 50, 51, 52 మూడింటినీ కలిపి చదవాలి.

మధ్యలో 51వది గుడిలో పెళ్లి ప్రకటనలు తప్పనిసరి చేసింది. పెళ్లి ఫలానా రోజు అని గురువు ముందే చెప్పాలి. అడ్డంకి తెలిసినవాళ్లు చెప్పడానికి గడువివ్వాలి. తానుగా కూడా విచారించాలి. నిషిద్ధ పెళ్లిని ఆపని గురువుకు మూడేళ్ల సస్పెన్షన్. ప్రకటన లేకుండా రహస్యంగా చేసుకుని, తర్వాత చుట్టరికం బయటపడితే పిల్లలు అక్రమ సంతానం అవుతారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మూడు ఆదివారాలు అన్న అంకె ఈ శాసనంలో లేదు, మూడుసార్లు అన్నది చట్టంగా స్థిరపడింది 1563లో త్రెంత్ సభతో. అలాగే ప్రకటన లేకుండా ఇద్దరూ ఒప్పుకుని చేసుకున్న పెళ్లి 1215 తర్వాత కూడా చెల్లేది. దానికి శిక్ష పడేది, పెళ్లి మాత్రం పెళ్లే. సాక్షులు లేని తోటలో మాటిచ్చి, తర్వాత నేను అనలేదని తప్పుకున్న మగవాళ్ల మీద ఆడవాళ్లు వేసిన వ్యాజ్యాలతో బిషప్పుల కోర్టులు నిండిపోవడానికి కారణం ఈ సందే. గురువు, ఇద్దరు సాక్షులు లేనిదే పెళ్లి చెల్లదన్న నియమం కూడా త్రెంత్ సభదే.

ఈనాటి లెక్క వేరు. 1983 కథోలిక చట్టం రెండువైపులా మెట్లు కలిపి లెక్కపెడుతుంది, అలా నాలుగు వరకు నిషేధం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు ఈ లెక్కలో సరిగ్గా నాలుగు (లాటరన్ లెక్కలో రెండు). మేనమామ, మేనకోడలు మూడు. రెండూ నిషేధం లోపలే ఉన్నాయి, అయినా మినహాయింపు ఇవ్వడానికి వీలుంది. తెలుగు కథోలిక కుటుంబాల్లో మేనరికం కుదిరినప్పుడు ఫాదర్ ముందుగా పీఠానికి (బిషప్పు కార్యాలయానికి) అర్జీ పంపి అనుమతి తెప్పించాల్సి రావడం ఇందుకే. పాత పుస్తకంలో "రెండో తరం" అనీ కొత్త కాగితంలో "నాలుగో తరం" అనీ చూసి మేనరికం మీద నిషేధం మారిందనుకోవద్దు, అక్కడ మారింది లెక్కపెట్టే పద్ధతి. దూరపు చుట్టరికాల మీద నిషేధం మాత్రం ఇప్పుడు లేదు.

అగ్నిపరీక్షలు ఆగిపోవడం

18వ శాసనంలో ఒక చిన్న వాక్యం యూరప్ కోర్టులనే మార్చేసింది. మరిగే నీళ్లు, చన్నీళ్లు, కాల్చిన ఇనుముతో చేసే పరీక్షలకు ఏ గురువూ దీవెన ఇవ్వకూడదు.

పరీక్ష ఇలా ఉండేది. ఇంగ్లండ్ పాత చట్టాల్లో నిందితుడు మూడు రోజులు ఉపవాసముండి, పూజలో పాల్గొని, గుడిలో కాల్చిన ఇనుప ముక్క పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. మామూలు నేరానికి ఇనుము ఒక పౌను, పెద్ద నేరానికి మూడు పౌన్లు. చేతికి కట్టు కట్టి ముద్ర వేస్తారు. మూడో రోజు విప్పి చూస్తారు. పుండు శుభ్రంగా మానుతుంటే నిర్దోషి, చీము పడితే దోషి. చన్నీళ్లలో అయితే మునిగినవాడు నిర్దోషి, తేలినవాడు దోషి. ఇదంతా నిలబడేది గురువు ఆ ఇనుమునూ నీళ్లనూ మంత్రించడం మీద. అది లేకపోతే దేవుడు తీర్పు చెప్పాడనడానికి ఆధారం లేదు. దేవుణ్ని ఇలా పరీక్షకు పిలవడం తప్పని పారిస్ పండితుడు పీటర్ ద చాంటర్ అప్పటికే వాదించి ఉన్నాడు.

దీవెన ఆగగానే న్యాయాధికారుల చేతిలో ఏమీ మిగల్లేదు. 1219 జనవరిలో ఇంగ్లండ్ రాజు పేరిట, ఊళ్లు తిరిగి తీర్పులు చెప్పే న్యాయాధికారులకు వెళ్లిన ఆజ్ఞలో ఆ తికమక కనిపిస్తుంది: పెద్ద నేరం అనుమానముంటే జైల్లో ఉంచండి, మధ్యరకమైతే దేశం విడిచిపొమ్మనండి, చిన్నదైతే పూచీ తీసుకోండి. ఆ ఖాళీలోకే పొరుగువాళ్ల జ్యూరీ వచ్చి నిలబడింది. ఇటలీ, ఫ్రాన్స్ వైపు మరో దారి పట్టింది. ఇద్దరు కళ్లారా చూసిన సాక్షులో, నిందితుడి ఒప్పుకోలో కావాలన్నారు. ఒప్పుకోలు రాబట్టడానికి చిత్రహింస వచ్చింది. 1252 నాటికి మతద్రోహ విచారణల్లో దానికి పోపు అనుమతి కూడా దొరికింది. కాబట్టి ఈ శాసనాన్ని మెచ్చుకోవాలి, నేను మెచ్చుకుంటాను. దాని వెనక వచ్చింది మాత్రం అంతా మంచి కాదు.

సభ చేసిన కీడు

యూదులు, ముస్లింలు క్రైస్తవుల నుంచి వేరుగా కనబడేలా బట్టలు కట్టాలన్నది 68వ శాసనం. ఈస్టర్‌కు ముందటి శోక దినాల్లో వాళ్లు బయట తిరగకూడదని కూడా అదే చెప్తుంది. యూదులకు అధికార పదవులు ఇవ్వకూడదన్నది 69వది. గుర్తు ఎలా ఉండాలో సభ చెప్పలేదు. దానికి రూపమిచ్చింది రాజులు. ఇంగ్లండ్‌లో 1218లోనే పై బట్ట మీద పలకల ఆకారంలో తెల్ల గుర్తు వేసుకోమన్నారు. ఫ్రాన్స్‌లో తొమ్మిదవ లూయీ 1269లో గుండ్రటి గుర్తు పెట్టాడు. వీధిలో ఎవరిని కొట్టాలో, ఎవరిని దోచుకోవాలో దూరం నుంచే తెలిసేలా చేసిన శాసనమిది. సంస్కరణ సభ అని పొగిడేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం సరికాదు. మతద్రోహుల మీద 3వ శాసనం కూడా అంతే, వాళ్లను తన భూముల నుంచి వెళ్లగొట్టని దొర భూములు పోతాయని చెప్పింది.

పదేపదే కనిపించే పొరపాట్లు

గురువుల బ్రహ్మచర్యం ఈ సభ పెట్టిందంటారు. కాదు, గురుపట్టం పొందినవాళ్ల పెళ్లిళ్లు చెల్లవని 1139లో రెండో లాటరన్ సభే తేల్చింది. 14వ శాసనం దాన్ని పాటించనివాళ్లకు శిక్షల గురించి మాత్రమే.

అప్పద్రాక్షారసాల మార్పు సిద్ధాంతాన్ని అరిస్టాటిల్ తర్కంతో నిర్వచించిందంటారు. 1వ శాసనం అప్పం శరీరంగా, ద్రాక్షారసం రక్తంగా సారంలో మారుతుందన్న క్రియాపదం వాడి ఊరుకుంది. ఆ తర్కమంతా పేర్చిన తోమాస్ అక్వినాస్ అప్పటికి పుట్టనే లేదు.

ఇంక్విజిషన్ (మతద్రోహులను పట్టి విచారించే వ్యవస్థ) ఇక్కడే మొదలైందంటారు. 8వ శాసనంలోని "విచారణ" (ఇది పైన చెప్పిన గుడి పరిధి కాదు, దర్యాప్తు) తప్పు చేసిన గురువుల మీద నిలిచిన అపవాదును ఎలా పరిశీలించాలో చెప్పే పద్ధతి. పోపు నియమించిన మతద్రోహ విచారకులు 1230ల నాటివాళ్లు.

కొత్త మఠ సంఘాలు వద్దన్న 13వ శాసనం వల్ల డొమినికన్లు ఆగిపోలేదు. పాత అగస్టీన్ నియమావళిని తీసుకుని 1216 డిసెంబర్‌లో ఆమోదం పొందారు.

అమలు ఎలా జరిగింది, ఎక్కడ తప్పింది

ఇన్నొసెంట్ 1216 జులై 16న పెరూజాలో చనిపోయాడు. శాసనాలు తర్వాత బిషప్పుల చేతుల్లో పడ్డాయి. ఆర్చిబిషప్పులు ఏటా ప్రాంతీయ సభ పెట్టి ఇవి చదివించాలని 6వ శాసనం చెప్పింది. ఏటా పెట్టినచోటు దాదాపు లేదు. కాని పట్టుదల ఉన్న బిషప్పులున్నచోట పని జరిగింది. సాలిస్‌బరీ బిషప్పు రిచర్డ్ పూర్ 1217 తర్వాత రెండేళ్లలోపే వీటిని తన పీఠానికి సరిపోయే నియమాలుగా మార్చి రాయించాడు, వాటిని చూసి ఇంగ్లండ్‌లో మరెందరో రాసుకున్నారు. 1281లో లాంబెత్‌లో ఆర్చిబిషప్పు పెకామ్ ఇంకో అడుగు వేశాడు. ఏడాదికి నాలుగుసార్లు జనం భాషలో, అలంకారాలేమీ లేకుండా, విశ్వాసాంశాలు 14, దేవుని ఆజ్ఞలు 10, సువార్త ఆజ్ఞలు 2, కరుణ క్రియలు 7, ఘోర పాపాలు 7, సద్గుణాలు 7, దివ్యసంస్కారాలు 7 వివరించాలని ప్రతి గురువుకూ పట్టీ ఇచ్చాడు. ఏ పాపం చెప్పుకోవాలో జనానికి తెలియకపోతే ఏడాదికోసారి పాపసంకీర్తనం పెట్టి ప్రయోజనం లేదని అరవై ఆరేళ్ల అనుభవంలో తెలిసొచ్చిన విషయమిది.

మీరు మూలం చదవాలనుకుంటే 1 నుంచి మొదలుపెట్టకండి. 32, 27, 11 ముందు, తర్వాత 21, ఆపైన 50, 51, 52, చివరికి 18, 68 చదవండి. ఒక్క చిక్కుంది. ఇన్నొసెంట్ తర్వాత ఈ శాసనాల్లో చాలావాటిని 1234లో తొమ్మిదవ గ్రెగరీ పోపు చట్టసంపుటిలో విడగొట్టి చేర్చారు, అందుకే పాత గ్రంథాల్లో సభ అంకె బదులు సంపుటి అంకె కనిపిస్తుంది. పాపసంకీర్తన శాసనం అందులో 5వ పుస్తకం, 38వ శీర్షిక, 12వ అధ్యాయం. లాటిన్‌లో "ఓమ్నిస్ ఉత్రియుస్క్వే సెక్సుస్" అని మొదలవుతుంది. పెళ్లి ప్రకటనల శాసనం 4వ పుస్తకం, 3వ శీర్షిక, 3వ అధ్యాయం.